సేవ్‌ఎన్వ్ కొట్టే ముందు

యూ-బూట్ మీద పని మొదలుపెట్టిన ఎవరికైనా ముందుగా అలవాటయ్యే కమాండ్లు మూడు. ప్రింట్‌ఎన్వ్ ఉన్నది చూపిస్తుంది. సెట్‌ఎన్వ్ దాన్ని మారుస్తుంది. సేవ్‌ఎన్వ్ ఆ మార్పును ఫ్లాష్‌లో రాసిపెడుతుంది. మొదటిది రోజుకు వందసార్లు కొట్టినా ఎవరూ కాదనరు. రెండోది తప్పు కొట్టినా రీసెట్ బటన్ నొక్కితే ఆ తప్పు పోతుంది. మూడోదాని దగ్గర మాత్రం చేయి ఒక్క క్షణం ఆగాలి. ఎందుకు ఆగాలో, ఆగి ఏం చూసుకోవాలో ఈ అధ్యాయంలో మాట్లాడుకుందాం. కమాండ్ల పేర్లను ఇక్కడ పలికే తీరులోనే రాస్తున్నాను. కీబోర్డు మీద వాటిని చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో, మధ్యలో ఖాళీ వదలకుండా కొట్టాలి.

ముందు నేపథ్యం, క్లుప్తంగా. బోర్డుకు కరెంటు తగలగానే చిప్‌లోని రామ్ కాదు, రోమ్ లేస్తుంది. అది బూట్‌లోడర్‌ను లేపుతుంది, బూట్‌లోడర్ కెర్నెల్‌ను లేపుతుంది. రౌటర్లు, సెట్‌టాప్ బాక్సులు, ఫ్యాక్టరీ కంట్రోలర్లలో ఈ మధ్య మెట్టు చాలాచోట్ల యూ-బూటే. జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ డెంక్ పీపీసీబూట్ పేరుతో నడిపిన ప్రాజెక్టు 2002లో యూ-బూట్‌గా మారింది. ఆయన 2022లో కన్నుమూశారు. కెర్నెల్ ఎక్కడుంది, దాన్ని మెమరీలో ఏ అడ్రసులో దించాలి, దానికి ఏయే ఆర్గ్యుమెంట్లు ఇవ్వాలి అన్న వివరాలన్నిటినీ యూ-బూట్ పేరు, విలువ జంటలుగా పెట్టుకుంటుంది. వీటినే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అంటున్నాం. బూట్‌సీఎండీలో ఏం రాసి ఉంటే ఆటోబూట్ అదే నడుపుతుంది. బూట్‌ఆర్గ్స్‌లో ఉన్నది కెర్నెల్‌కు అందుతుంది.

ఈ జంటలకు రెండు నివాసాలున్నాయి. ఒకటి యూ-బూట్ బైనరీలోనే కంపైల్ అయి ఉండే డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్. రెండోది ఎస్‌పీఐ ఫ్లాష్‌లోనో, ఈఎంఎంసీలోనో, ఫ్యాట్ పార్టిషన్‌లో ఒక ఫైలుగానో సేవ్ అయి ఉండే ప్రతి. బోర్డు లేచేటప్పుడు యూ-బూట్ సేవ్ చేసిన ప్రతిని తెరిచి, మొదటి 4 బైట్లలో ఉన్న సీఆర్‌సీ-32 సరిపోయిందా అని చూస్తుంది. సరిపోతే ఆ ప్రతినే మొత్తంగా తీసుకుంటుంది, డిఫాల్ట్ వైపు మామూలుగా తిరిగి చూడదు. సరిపోకపోతేనే డిఫాల్ట్‌కు వెళ్తుంది. ఈ రెండు వాక్యాలూ గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఫీల్డ్‌లో ఎదురయ్యే తలనొప్పుల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది.

ఒక మామూలు పని రోజు ఎలా నడుస్తుందో చూడండి. బెంచి మీద బోర్డు ఉంది. యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ పెట్టి, టెర్మినల్‌ను 1,15,200 బాడ్‌లో తెరిచారు. కౌంట్‌డౌన్ సున్నాకు చేరేలోపు ఏదో కీ నొక్కి ప్రాంప్ట్ పట్టుకున్నారు. డీహెచ్‌సీపీ కొడితే ఆఫీసు నెట్‌వర్క్ 192.168.1.40 ఇచ్చింది. టీఎఫ్‌టీపీతో కొత్త కెర్నెల్ ఇమేజ్ దించారు, దిగింది. అంతలో గుర్తొచ్చింది, కౌంట్‌డౌన్ రెండు సెకన్లే ఉండటంతో ప్రతిసారీ కీ నొక్కే లోపే బోర్డు చేజారిపోతోందని. సెట్‌ఎన్వ్ బూట్‌డిలే 5 కొట్టారు. వెంటనే సేవ్‌ఎన్వ్ కొట్టారు. ఒక్క అంకె మార్చి సేవ్ చేశాననే అనుకున్నారు.

సేవ్ అయింది ఒక్క అంకె కాదు. సేవ్‌ఎన్వ్ ఆ క్షణాన మెమరీలో ఉన్న మొత్తం పట్టికను ఎత్తి ఫ్లాష్‌లో పెడుతుంది. డీహెచ్‌సీపీ నింపిన ఐపీఅడర్, నెట్‌మాస్క్, గేట్‌వేఐపీ అందులో ఉన్నాయి. టీఎఫ్‌టీపీ పెట్టిన ఫైల్‌సైజ్ ఉంది. వీటికంటే ముఖ్యంగా, మీరు తాకనైనా తాకని డిఫాల్ట్ వేరియబుల్స్ అన్నీ, ఈ రోజు ఈ వెర్షన్‌లో ఉన్న విలువలతో సహా, ఫ్లాష్‌లోకి ఎక్కి కూర్చున్నాయి. ఇప్పుడు ఆ బోర్డుకు డిఫాల్ట్‌తో సంబంధం తెగిపోయింది.

తెగిపోయిన సంగతి ఆరు నెలలదాకా ఎవరికీ తెలియదు. ఈలోగా కెర్నెల్ ఇమేజ్ పెరిగి పెద్దదై, మెమరీలో డివైస్ ట్రీ (ఎఫ్‌డీటీ) దించే చోటును తొక్కడం మొదలుపెట్టింది. టీమ్‌లో ఎవరో దాన్ని పట్టుకుని, డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఎఫ్‌డీటీ అడ్రసును దూరం జరిపి, కొత్త యూ-బూట్ విడుదల చేశారు. ల్యాబ్‌లో కొత్త బోర్డు మీద చక్కగా లేచింది. ఫీల్డ్‌లోని బోర్డులకూ అదే అప్‌డేట్ పంపారు. వాటిలో సేవ్ చేసిన ప్రతి ఉన్న బోర్డులన్నీ 'స్టార్టింగ్ కెర్నెల్' అన్న లైను దగ్గర ఆగిపోయాయి, ఆ తర్వాత కన్సోల్‌లో ఒక్క అక్షరం లేదు. కొత్త కోడు ఉంది, కొత్త అడ్రసూ దానిలో ఉంది, కానీ ఆ బోర్డు చదివేది పాత ప్రతిని. రేషన్ డీలరు మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో చూడడు, కార్డులో ఎన్ని పేర్లున్నాయో చూస్తాడు. యూ-బూట్ పద్ధతీ అంతే.

అందుకే నా సలహా ఒక్కటే, కాస్త కటువుగానే చెప్తున్నాను: ఉత్పత్తికి సంబంధించిన ఏ నిర్ణయాన్నీ సేవ్ చేసిన ఎన్విరాన్‌మెంట్‌లో దాచకండి. అడ్రసులు, బూట్ వరుస, బూట్‌సీఎండీలోని స్క్రిప్టు, కన్సోల్ సెట్టింగు, ఇవన్నీ సోర్సులో ఉండాలి, గిట్‌లో ఉండాలి, రివ్యూ జరిగి ఉండాలి. పాత బోర్డుల్లో ఇవి కాన్ఫిగ్ హెడర్ ఫైలులో ఒక పొడవాటి మ్యాక్రోగా ఉంటాయి. లైను చివర బ్యాక్‌స్లాష్ మర్చిపోతే దాంట్లో వెతుకులాటే వెతుకులాట. కొత్త యూ-బూట్‌లో బోర్డు డైరెక్టరీలోనే మామూలు టెక్స్ట్ ఫైలుగా రాసుకోవచ్చు. వీలుంటే ఇవాళే దానికి మారండి.

ఇక ఫ్లాష్‌లో సేవ్ కావలసినవి ఏమిటి? నడుస్తుండగా మారేవి: ఏ పార్టిషన్ నుంచి బూట్ కావాలి, అప్‌డేట్ తర్వాత ఎన్నిసార్లు ప్రయత్నించాం, ఇలాంటివి రెండో మూడో. ఒక్కో పెట్టెకు ఒక్కోటిగా ఉండే మ్యాక్ అడ్రసు, సీరియల్ నంబరు కూడా ఈ లెక్కలోకే వస్తాయనుకుంటారు కానీ, బోర్డు మీద చిన్న ఈఈప్రామ్‌కో చిప్‌లోని ఫ్యూజులకో చోటుంటే వాటి ఇల్లు అదే. ఎందుకంటే ఫ్యాక్టరీలో జరిగే పని మీకు తెలుసు. బాగా పనిచేసిన ఒక బోర్డు ఫ్లాష్‌ను మొత్తంగా కాపీ తీసి, అదే ఇమేజ్‌ను మిగతా బోర్డులన్నిటిలో కొడతారు. మ్యాక్ అడ్రసు ఉండే వేరియబుల్ ఈథ్‌అడర్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉంటే ఆ బ్యాచ్ అంతటికీ ఒకే మ్యాక్ అడ్రసు. రెండు పెట్టెలను ఒకే స్విచ్‌కు తగిలించేదాకా ఎవరికీ అనుమానం రాదు. తగిలించాక మొదలయ్యే ఇబ్బంది కూడా ఒక పట్టాన దొరకదు. ఒకసారి ఇది కలుస్తుంది, ఒకసారి అది కలుస్తుంది, కేబుల్ మార్చి చూస్తారు, స్విచ్ మార్చి చూస్తారు.

సరే, ఇప్పటికే సేవ్ అయిపోయిన బోర్డు చేతికొచ్చింది. ఏం చేయాలి? మొట్టమొదట టెర్మినల్‌లో లాగింగ్ ఆన్ చేసి ప్రింట్‌ఎన్వ్ కొట్టండి. వచ్చినదంతా ఫైలుగా దాచండి. ఇది చేయకుండా తర్వాతి మెట్టు ఎక్కొద్దు. ఆ తర్వాత ఎన్వ్ డిఫాల్ట్ -ఏ కొడితే మెమరీలోని పట్టిక డిఫాల్ట్‌కు తిరిగి వస్తుంది. మెమరీలో మాత్రమే, ఫ్లాష్‌లో ఇంకా పాతదే ఉంది. రీసెట్ చేస్తే మళ్లీ అదే లేస్తుంది. సరిగ్గా ఉందని చూసుకున్నాకే సేవ్‌ఎన్వ్. ఈ క్రమంలో ఈథ్‌అడర్ కూడా ఎగిరిపోవచ్చు. మామూలు సెట్టింగుల్లో అది ఒక్కసారే రాయగలిగే వేరియబుల్. ఉన్నదాన్ని మార్చబోతే యూ-బూట్ ఒప్పుకోదు కానీ, పోయినదాన్ని మీరే తిరిగి రాసుకోవాలి. డిఫాల్ట్‌లో లేనివాటిని అలాగే ఉంచమని చెప్పే -కే అనే ఆప్షన్ కొత్త వెర్షన్లలో ఉంది. మీ వెర్షన్‌లో ఉందో లేదో హెల్ప్ ఎన్వ్ కొట్టి చూసుకోండి.

ఒక్క వేరియబుల్‌నే వెనక్కి తేవాలంటే ఎన్వ్ డిఫాల్ట్ తర్వాత దాని పేరు ఇవ్వాలి. ఇక్కడ చాలామంది సెట్‌ఎన్వ్ తర్వాత పేరు ఒక్కటే కొట్టి, విలువ ఇవ్వకుండా వదిలేస్తారు, అలా చేస్తే డిఫాల్ట్ వచ్చేస్తుందనుకుని. రాదు. ఆ వేరియబుల్ అసలు లేకుండా పోతుంది. బూట్‌సీఎండీని అలా చెరిపి సేవ్ చేస్తే, రీసెట్ తర్వాత బోర్డు ప్రాంప్ట్ దగ్గర నిలబడి మీ వైపు చూస్తూ ఉంటుంది.

సెట్‌ఎన్వ్ దగ్గర ఇంకో రెండు గుంటలున్నాయి. ఒకటి కోట్స్. రెండు పనులను వరుసగా చేయించాలని సెట్‌ఎన్వ్ బూట్‌సీఎండీ రన్ లోడ్‌ఇమేజ్; రన్ స్టార్ట్‌ఇమేజ్ అని కోట్స్ లేకుండా కొట్టారనుకోండి. సెమీకోలన్ దగ్గర సెట్‌ఎన్వ్ ముగిసిపోతుంది. బూట్‌సీఎండీలోకి మొదటి సగమే వెళ్తుంది, రెండో సగం అక్కడికక్కడే నడిచిపోతుంది. మొత్తాన్ని సింగిల్ కోట్స్‌లో పెట్టాలి. డబుల్ కోట్స్ పెడితే సెమీకోలన్ ఇబ్బంది తీరుతుంది కానీ, లోపల డాలర్ గుర్తుతో రాసిన వేరియబుల్స్ అప్పటికప్పుడే విప్పుకుని, ఆ క్షణపు విలువలతో గడ్డకడతాయి. బూట్ అయ్యేటప్పుడు విప్పుకోవాల్సినవి ఇప్పుడే విప్పుకుంటే స్క్రిప్టు ఇవాళ పనిచేస్తుంది, రేపు చేయదు. కొట్టాక ప్రింట్‌ఎన్వ్ బూట్‌సీఎండీ అని చూసుకోండి. డాలర్ గుర్తులు డాలర్ గుర్తులుగానే కనిపిస్తున్నాయంటే సింగిల్ కోట్స్ తమ పని చేశాయన్నమాట.

రెండోది అంకెలు. మెమరీ అడ్రసులు, సైజులు తీసుకునే కమాండ్లలో యూ-బూట్ అంకెలను హెక్సాడెసిమల్‌గానే చదువుతుంది, ముందు సున్నా-ఎక్స్ పెట్టినా పెట్టకపోయినా. 100000 అని కొడితే అది లక్ష కాదు, 10,48,576. అంటే 1 ఎంబీ. బూట్‌డిలే మాత్రం మామూలు దశాంశమే. దానికి -1 ఇస్తే ఆటోబూట్ ఆగిపోతుంది, -2 ఇస్తే కౌంట్‌డౌన్ లేకుండా, ఏ కీనీ పట్టించుకోకుండా వెళ్లిపోతుంది. బెంచి మీద ఉన్న బోర్డులో -2 సేవ్ చేసి, పైగా బూట్‌సీఎండీలో తప్పు కూడా ఉంటే ఆ బోర్డును ఎస్‌డీ కార్డుతోనో జేట్యాగ్‌తోనో లేపుకోవాల్సిందే.

కన్సోల్‌లో కనిపించే 'బ్యాడ్ సీఆర్‌సీ, యూజింగ్ డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్' అన్న హెచ్చరిక గురించి ఒక మాట. ఇప్పటిదాకా సేవ్‌ఎన్వ్ కొట్టని బోర్డులో ఇది సహజం. సేవ్ చేసిన ప్రతే లేదు కాబట్టి చెక్‌సమ్ కుదరదు. దాన్ని పోగొట్టడానికి ఊరికే సేవ్‌ఎన్వ్ కొట్టేవాళ్లున్నారు. హెచ్చరిక పోతుంది, దానితోపాటు ఇంతసేపూ చెప్పుకున్న రోగం అంటుకుంటుంది. అదే హెచ్చరిక నిన్నటిదాకా బాగా నడిచిన ఫీల్డ్ బోర్డులో కనిపిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఎవరో ఆ ప్రాంతాన్ని తొక్కారు, లేదా రాస్తుండగా కరెంటు పోయింది.

కరెంటు సంగతి మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. నార్ ఫ్లాష్‌లో రాయాలంటే ముందు సెక్టారంతా చెరపాలి, తర్వాత రాయాలి. చెరపడానికే వందల మిల్లీసెకన్లు పట్టొచ్చు. ఆ మధ్యలో కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. దీనికి మందు రెండు ప్రతులు పెట్టుకోవడం. యూ-బూట్ ఒకసారి ఒకదాంట్లో, మరోసారి రెండోదాంట్లో రాస్తుంది. సీఆర్‌సీ పక్కన ఏది తాజాదో చెప్పే ఒక బైటు అదనంగా పెడుతుంది. ఆప్షన్‌ను పాత సోర్సులో వెతికేటప్పుడు ఒక సంగతి: రిడండెంట్ అన్న మాట స్పెల్లింగు అక్కడ టీతో కాక డీతో ముగుస్తుంది, సరైన స్పెల్లింగుతో వెతికితే దొరకదు. రెండు ప్రతులకూ వేర్వేరు ఎరేజ్ సెక్టార్లు ఇవ్వండి. ఒకే సెక్టారులో పక్కపక్కన పెడితే రెండూ కలిసే పోతాయి. ఈ నిర్ణయం మొదటి బోర్డు బయటికి వెళ్లకముందే తీసుకోవాలి. ఒక ప్రతితో వెళ్లిన బోర్డులకు తర్వాత రెండు ప్రతుల యూ-బూట్ పంపితే, ఆ ఒక్క అదనపు బైటు వల్ల లేఅవుట్ జరిగిపోతుంది, పాత ప్రతి చెక్‌సమ్‌లో ఓడిపోతుంది.

లినక్స్ లేచాక కూడా ఈ వేరియబుల్స్‌ను ముట్టుకోవచ్చు. ఎఫ్‌డబ్ల్యూ_ప్రింట్‌ఎన్వ్, ఎఫ్‌డబ్ల్యూ_సెట్‌ఎన్వ్ అనే రెండు ప్రోగ్రాములు అందుకే ఉన్నాయి. ఎన్విరాన్‌మెంట్ ఏ డివైస్‌లో, ఏ ఆఫ్‌సెట్ దగ్గర, ఎంత సైజులో ఉందో వాటికి తెలియదు, ఈటీసీ డైరెక్టరీలోని ఎఫ్‌డబ్ల్యూ_ఎన్వ్.కాన్ఫిగ్ ఫైలులో మనం చెప్పాలి. యూ-బూట్ కాన్ఫిగ్‌లో ఉన్న ఆఫ్‌సెట్, ఈ ఫైలులో ఉన్న ఆఫ్‌సెట్ ఒక్క సున్నా తేడాతో ఉన్నా చిక్కే. చదివే ప్రోగ్రాము సీఆర్‌సీ తప్పని గొణిగి, తనలో కంపైల్ అయి ఉన్న ఏదో డిఫాల్ట్‌ను చూపిస్తుంది. ఆ గొణుగుడు చూడకుండా రాసే ప్రోగ్రామును నడిపితే అది నమ్మకంగా తప్పు చోట రాసేస్తుంది. ఆ తప్పు చోట ఉన్నది బూట్‌లోడరే కావచ్చు. కాబట్టి కొత్త బోర్డులో ముందు యూ-బూట్ ప్రాంప్ట్‌లో ప్రింట్‌ఎన్వ్, తర్వాత లినక్స్‌లో ఎఫ్‌డబ్ల్యూ_ప్రింట్‌ఎన్వ్, రెండు జాబితాలను డిఫ్ చేయండి. ఒకటే అని తేలేదాకా రాసే ప్రోగ్రాము జోలికి వెళ్లకండి. ఈఎంఎంసీ బూట్ పార్టిషన్‌లో ఎన్విరాన్‌మెంట్ పెట్టినవాళ్లకు రాత అసలు సాగకపోతే కంగారు పడొద్దు. లినక్స్ ఆ పార్టిషన్లను మొదట చదవడానికే తెరుస్తుంది, సిస్‌ఎఫ్‌ఎస్‌లోని ఫోర్స్_ఆర్‌ఓ ఫైలులో 0 రాస్తే రాయనిస్తుంది.

ఈ రెండు వైపుల రాకపోకలు నిజంగా ఉపయోగపడేది అప్‌డేట్ల దగ్గర. రెండు రూట్ పార్టిషన్లు పెట్టుకుని, కొత్తది లేవకపోతే పాతదానికి తిరిగి వెళ్లే పద్ధతిలో బూట్‌కౌంట్ ప్రతి రీసెట్‌కూ పెరుగుతుంది. అది బూట్‌లిమిట్ దాటితే యూ-బూట్ బూట్‌సీఎండీ బదులు ఆల్ట్‌బూట్‌సీఎండీ నడుపుతుంది. అంతా బాగుందని లినక్స్ వైపు నుంచి ఎవరో బూట్‌కౌంట్‌ను సున్నా చేయాలి. ఎప్పుడు చేయాలన్నది అసలు ప్రశ్న. సిస్టమ్‌డీ లేవగానే చేసేవాళ్లున్నారు. అది తొందరపాటు. పెట్టె పని వాల్వు తిప్పడమైతే వాల్వు తిప్పే ప్రోగ్రాము లేచి, సర్వర్‌తో ఒక్కసారైనా మాట్లాడాక సున్నా చేయండి. లాగిన్ ప్రాంప్ట్ వచ్చినంత మాత్రాన అప్‌డేట్ సఫలమైనట్టు కాదు.

దీనితో వచ్చే చిన్న భయం ఫ్లాష్ అరుగుదల. నార్ ఫ్లాష్ సెక్టారు సాధారణంగా 1,00,000 సార్లు చెరపడాన్ని తట్టుకుంటుంది. ప్రతి బూట్‌లోనూ సేవ్ చేసే స్క్రిప్టు ఉన్న పెట్టెను రోజుకు 50 సార్లు కరెంటు పోయి వచ్చే చోట పెడితే 2,000 రోజులు, అంటే అయిదున్నరేళ్లు. రెండు ప్రతులుంటే భారం సగమవుతుంది కనుక దాదాపు పదకొండేళ్లు. అప్‌డేట్లకు రౌక్ అనే సాధనం వాడేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. దాని మామూలు స్క్రిప్టు మిగిలిన ప్రయత్నాల సంఖ్యను ప్రతి బూట్‌లో తగ్గించి సేవ్ చేస్తుంది. బూట్‌కౌంట్‌ను ఎన్విరాన్‌మెంట్‌లోనే పెట్టుకున్నవాళ్లకు ఒక వెసులుబాటుంది. అప్‌గ్రేడ్_అవైలబుల్ సున్నాగా ఉన్నంతకాలం యూ-బూట్ ఆ లెక్కను ఫ్లాష్‌లో రాయదు.

భద్రత గురించి పొడవాటి అధ్యాయం ముందుంది, ఇక్కడ ఒక్క పేరా చాలు. కెర్నెల్ ఇమేజ్‌కు సంతకం పెట్టి, వెరిఫైడ్ బూట్ ఆన్ చేసి, నిశ్చింతగా ఉన్న టీమ్‌లు చాలా ఉన్నాయి. సేవ్ చేసిన ఎన్విరాన్‌మెంట్‌కు ఆ సంతకం వర్తించదు. సీరియల్ పిన్లు దొరికినవాడు ప్రాంప్ట్ పట్టుకుని, బూట్‌ఆర్గ్స్‌లో ఇనిట్‌ను షెల్‌గా మారిస్తే, సంతకం ఉన్న మీ కెర్నెలే వాడికి రూట్ అధికారం ఇస్తుంది. బయటికి వెళ్లే బిల్డ్‌లో ఆటోబూట్‌ను ఏ కీకీ ఆగకుండా చేయడమో, పాస్‌వర్డ్‌తో ఆగేలా చేయడమో తప్పనిసరి. ఎన్వ్_రైటబుల్_లిస్ట్ అనే ఆప్షన్ ఆన్ చేస్తే, మీరు అనుమతించిన వేరియబుల్స్ తప్ప మరేదీ మార్చడానికీ, సేవ్ చేసిన ప్రతి నుంచి దించడానికీ వీలుండదు. బూట్‌కౌంట్, పార్టిషన్ పేరు, ఇంకొకటి అనుమతిస్తే చాలు. నన్నడిగితే ఇది భద్రత కోసం కాకపోయినా ఆన్ చేయాల్సిన ఆప్షన్. ఎవరైనా అలవాటు కొద్దీ సేవ్‌ఎన్వ్ కొట్టినా పాత అడ్రసులు తిరిగి వచ్చి కొత్త కోడును కప్పేయలేవు.

బెంచి మీద ప్రయోగాలకు రోజూ మార్పులు కావాలంటారా, దానికీ దారి ఉంది. బీగల్‌బోన్ లాంటి బోర్డుల్లో యూఎన్వ్.టెక్స్ట్ అనే మామూలు ఫైలు ఉంటుంది. బూట్ స్క్రిప్టు దాన్ని చదివి ఎన్వ్ ఇంపోర్ట్‌తో మెమరీలో కలుపుతుంది. మార్పులు దాంట్లో రాసుకుంటే ల్యాప్‌టాప్‌లో తెరిచి చదవొచ్చు, పని అయిపోయాక ఆ లైను తీసేయొచ్చు, ఫ్లాష్‌లో మీ వేలిముద్ర మిగలదు. ఒక్క బూట్‌కే కావలసిన మార్పైతే సెట్‌ఎన్వ్ కొట్టి, సేవ్ చేయకుండా, నేరుగా బూట్ అని కొట్టండి.

రేపు ఆఫీసుకు వెళ్లగానే ఒక పని చేయండి. వినియోగదారుడి దగ్గర నడిచి, ఏదో కారణంగా వెనక్కి వచ్చిన పెట్టె ఒకటి స్టోర్‌లో ఉండే ఉంటుంది, దాన్ని తెప్పించుకోండి. దాని ప్రింట్‌ఎన్వ్‌ను, మేక్ యూ-బూట్-ఇనిషియల్-ఎన్వ్ అని బిల్డ్ చేస్తే వచ్చే డిఫాల్ట్ జాబితాను క్రమంలో పెట్టి డిఫ్ తీయండి. తేడా వచ్చిన ప్రతి లైనూ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో టీమ్‌ను అడగండి. జవాబు లేని లైన్లను వచ్చే రిలీజులోపు తీసేయించండి.